షికోకు పాత నాడులు, నేటి ప్రిఫెక్చర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ గురించి చదివే తెలుగువాళ్లు ఎక్కువగా టోక్యో, క్యోటోల దగ్గరే ఆగిపోతారు. షికోకు దాకా వచ్చినవాళ్లకి మాత్రం ఒక చిక్కు తప్పదు. ఒకే ఊరు ఒక పుస్తకంలో సానుకిలో ఉంటుంది, ఇంకో దాంట్లో తకామత్సు హాన్‌లో ఉంటుంది, పాత కాగితంలో ఎహిమేలో ఉంటుంది, ఇవాళ్టి మ్యాప్‌లో చూస్తే కగావాలో ఉంటుంది. నాలుగూ నిజమే. ఆ చిక్కు విప్పుకోవడానికి నేను పడ్డ తంటాల్లోంచి, తర్వాత స్నేహితులు అడిగినవాటిలోంచి పుట్టిన ప్రశ్నలివి.

షికోకు ఎక్కడుంది?

జపాన్ నాలుగు ప్రధాన ద్వీపాల్లో అన్నిటికన్నా చిన్నది. ఒసాకాకి నైరుతి దిక్కున, సెతో లోపలి సముద్రానికి దక్షిణం ఒడ్డున ఉంటుంది. చుట్టూ ఉన్న చిన్న దీవులతో కలిపి విస్తీర్ణం దాదాపు 18,800 చదరపు కిలోమీటర్లు. 2020 లెక్కల ప్రకారం జనాభా 37 లక్షలకి కొంచెం తక్కువ. ఇప్పుడు ఇందులో నాలుగు ప్రిఫెక్చర్లున్నాయి (ప్రిఫెక్చర్ అంటే ఇవాళ్టి జపాన్‌లో పాలనా విభాగం): తూర్పున తోకుషిమా, ఈశాన్యాన కగావా, వాయవ్యాన ఎహిమే, దక్షిణమంతా కోచి.

"షికోకు" అంటే "నాలుగు దేశాలు" అంటారు. అవి నిజంగా వేరే దేశాలా?

షి అంటే నాలుగు. కోకు అనేది "కుని" అనే మాటకి ఇంకో ఉచ్చారణ. ఇవాళ జపనీస్‌లో కుని అంటే దేశమే. పాత అర్థం మాత్రం మన "నాడు", "సీమ" లాంటిది. వెలనాడు, పాకనాడు అన్నప్పుడు మనకి జెండా, సరిహద్దు సైన్యం గుర్తుకురావు కదా, అలాగే. అందుకే ఈ పేజీలో కునిని నాడు అనే రాస్తాను.

7వ శతాబ్దం చివర, 8వ శతాబ్దం మొదట్లో చక్రవర్తి ప్రభుత్వం చైనా పద్ధతిలో చట్టాలు రాసుకుని దేశమంతటినీ నాడులుగా విడగొట్టింది. 701లో వచ్చిన తైహో చట్టంతో ఈ ఏర్పాటు కుదురుకుంది. షికోకుకి వచ్చినవి నాలుగు: అవా, సానుకి, ఇయో, తోసా. వీటికి అవాజి దీవిని, సముద్రానికి అవతలున్న కీ నాడుని కలిపి "నంకైదో", అంటే దక్షిణ సముద్ర మార్గం అనేవారు. మొత్తం ఆరు నాడుల వరస.

నాలుగు అన్న లెక్క ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకు ముందు అక్కడ స్థానిక నాయకుల చిన్న చిన్న ఏలుబడులు చాలా ఉండేవి. ఉత్తరాన అవా, దక్షిణాన నాగా అని రెండు ముక్కలుగా ఉన్నదాన్ని కలిపి అవా అన్నారు. తోసాలో పడమటి వైపు హతా అనేది విడిగా ఉండేది. ఇయోలోనైతే ఐదు ఏలుబడులు లెక్కకొస్తాయి. కలిపేసినా హతావాళ్ల యాస ఇప్పటికీ మిగతా తోసా యాసతో కలవదు. పదమూడు వందల ఏళ్లు ఒకే నాడులో ఉండి కూడా.

ఈ నాలుగు పేర్ల వెనక కథ ఏదైనా ఉందా?

ఉంది, నాకు భలే ఇష్టమైనది. 712లో రాసిన కొజికి అనే పురాణ గ్రంథం ప్రకారం ఈ ద్వీపానికి ఒళ్లు ఒకటే, ముఖాలు నాలుగు. ఒక్కో ముఖానికి ఒక్కో పేరు. ఇయో ముఖం పేరు ఎహిమే, సానుకిది ఇయియోరిహికో, అవాది ఓగెత్సుహిమే, తోసాది తకెయోరివాకె. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు.

ఓగెత్సుహిమే తిండిగింజల దేవత. అవా అంటే కొర్రలు. ఆ నాడుకి ఆ పేరు పైరు వల్లే వచ్చిందని చెబుతారు. 713లో నాడుల పేర్లన్నీ శుభమైన రెండు అక్షరాలతో రాయాలని హుకుం వచ్చాక కొర్రల అక్షరం పోయి, ఇప్పుడు కనిపించే రెండు అక్షరాల అవా వచ్చింది. జపాన్‌లో, టోక్యోకి దగ్గరలో, ఇంకో అవా కూడా ఉండేది. పలకడం ఒకటే, రాత వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి పుస్తకం చదివేటప్పుడు ఏ అవానో చూసుకోండి.

ఇక ఎహిమే అన్న దేవత పేరు 1873లో ఏకంగా ప్రిఫెక్చర్ పేరైంది. "ముద్దులొలికే రాకుమారి" అనే అర్థం వచ్చే పేరుతో ప్రభుత్వ ఆఫీసు బోర్డు ఊహించుకోండి.

ఒక నాడుని ఎవరు పాలించేవారు?

రాజధాని నుంచి వచ్చే గవర్నరు. కొకుషి అంటారు. కొన్నేళ్లకొకసారి మారిపోయే బదిలీ ఉద్యోగం. ఆయన ఉండే ఊరు కొకుఫు. 741లో షోము చక్రవర్తి ప్రతి నాడులోనూ ఒక బౌద్ధాలయం కట్టమన్నాడు, దాని పేరు కొకుబున్‌జి. షికోకులోని నాలుగు కొకుబున్‌జిలూ ఇప్పటికీ యాత్రా స్థలాలే. ప్రసిద్ధమైన 88 ఆలయాల యాత్రలో 15, 29, 59, 80 నంబర్లవి. నంబర్లు చూస్తూ నడిస్తే వరసగా అవా, తోసా, ఇయో, సానుకి పాత రాజధానుల పక్కనుంచి వెళ్లినట్టే.

బదిలీ మీద వచ్చినవాళ్లలో పేరున్నవాళ్లున్నారు. సుగవారా నో మిచిజానె అనే పండితుడు 886 నుంచి 890 దాకా సానుకి గవర్నరు. 888లో వానల్లేక పొలాలు ఎండిపోతుంటే ఆయనే కొండ దేవుడికి ప్రార్థన రాసి చదివాడు. సానుకికి నీళ్ల బాధ అప్పటి నుంచీ ఉన్నదే. దాని సంగతి కింద మళ్లీ వస్తుంది.

తోసాకి 930లో కి నో త్సురయుకి అనే కవి వచ్చాడు. పదవీకాలం అయ్యాక 934 చివర్లో పడవెక్కి క్యోటోకి బయలుదేరితే చేరడానికి 55 రోజులు పట్టింది. గాలి లేక ఆగిన రోజులు, సముద్రపు దొంగల భయంతో బిక్కుబిక్కుమన్న రాత్రులు, తోసాలో పోగొట్టుకున్న కూతురి దిగులు, అన్నీ ఒక ఆడమనిషి రాసినట్టుగా డైరీలో పెట్టాడు. అప్పట్లో మగ అధికారులు చైనా లిపిలోనే రాసేవారు. ఈయన ఆడవాళ్లదనుకునే కనా అనే జపనీస్ లిపిలో రాయడానికి ఆ వేషం వేసుకున్నాడు. అదే "తోసా నిక్కి".

దొంగల భయం ఉత్తదేం కాదు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫుజివారా నో సుమితోమొ అనేవాడు తిరగబడ్డాడు. అంతకుముందు అతను ఇయోలో చక్రవర్తి అధికారే. తర్వాత హిబురి దీవిలో మకాం పెట్టి దొంగలకే నాయకుడయ్యాడు. 941 దాకా సెతో సముద్రాన్ని గడగడలాడించాడు. కంచే చేను మేయడమంటే అదే.

తోసాని "ప్రవాస శిక్ష" నాడు అంటారెందుకు?

724లో శిక్ష దూరాన్ని మూడు తరగతులుగా ఖాయం చేశారు. తోసా "దూర ప్రవాసం" జాబితాలో, ఇయో "మధ్య ప్రవాసం" జాబితాలో చేరాయి. మధ్యలో కొండలు అడ్డం, ఇటు చూస్తే పసిఫిక్ మహాసముద్రం. తప్పించుకుని ఎక్కడికి పోతారు? చక్రవర్తులకి కూడా ఈ ద్వీపం తప్పలేదు. 1156లో ఓడిపోయిన సుతొకుని సానుకికి పంపారు. 1164లో అక్కడే పోయాడు. 1221లో త్సుచిమికాదో తోసాకి వచ్చి, తర్వాత అవాకి మారి, 1231లో కన్నుమూశాడు.

కుని, హాన్, కెన్: ఈ మూడింటికీ తేడా ఏమిటి?

గందరగోళమంతా ఇక్కడే. కుని అంటే నాడు, పైన చెప్పిన పాత భౌగోళిక విభాగం. హాన్ అంటే దైమ్యో అనే ప్రభువు ఏలే జమీ, ముఖ్యంగా 1600 తర్వాతి ఎదో కాలంలో, అంటే ఎదో (నేటి టోక్యో) నుంచి షోగన్ అనే సైనిక పాలకుడు దేశాన్ని ఏలిన రోజుల్లో. కెన్ అంటే 1871 నుంచి వచ్చిన ప్రిఫెక్చర్, ఇప్పుడున్నది.

ఒక కునిలో ఎన్ని హాన్‌లైనా ఉండొచ్చు, ఒకే హాన్ రెండు కునిల్లో పరుచుకోనూ వచ్చు. హాన్ పెద్దదో చిన్నదో చెప్పడానికి ఎకరాలు కాదు, పండే బియ్యం లెక్క. దాని కొలమానం కోకు (షికోకులోని కోకు కాదు, అది వేరే మాట). ఒక కోకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం. ఇంత భూమి అనకుండా ఇన్ని పుట్ల భూమి అనే మన పాత మాటకి దగ్గర.

ఇంకో సంగతి. కెన్‌లు వచ్చాయని కునిలని రద్దు చేస్తూ చట్టమేమీ రాలేదు. అందుకే 1880 నాటి కాగితం మీద "ఎహిమే ప్రిఫెక్చర్, సానుకి నాడు, కగావా గున్" అని మూడూ వరసగా కనిపిస్తాయి (గున్ అంటే నాడుకి కింది విభాగం). తప్పు రాత కాదది. అప్పటి అడ్రసు అలాగే రాసేవారు.

ఎదో కాలంలో ఏ నాడు ఎవరి చేతిలో ఉండేది?

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1585 నాటికి తోసాకి చెందిన చోసొకాబె మొతొచికా దాదాపు ద్వీపమంతా గెలిచేశాడు. అదే ఏడు, జపాన్‌నంతా తన కిందికి తెచ్చుకుంటున్న తొయొతోమి హిదెయొషి సైన్యం దిగి, అతన్ని తోసాకి కుదించి, మిగతా మూడూ తనవాళ్లకి పంచేసింది. ఒళ్లంతా ఒక్కడి కిందికి వచ్చిందనుకుంటే అది నెలల ముచ్చటే అయింది. 1600లో సెకిగహరా యుద్ధంలో ఓడిన పక్షాన ఉండటంతో చోసొకాబెల పని కూడా అయిపోయింది. యమౌచి కజుతొయొ అనే కొత్త ప్రభువు 1601లో తోసాకి వచ్చాడు.

ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల లెక్క ఇలా. అవా మొత్తం, దానితోపాటు అవాజి దీవి, హచిసుకా కుటుంబానివి. సుమారు 2,57,000 కోకులు, ద్వీపంలో అన్నిటికన్నా పెద్దది. తోసా మొత్తం యమౌచిలది, 2 లక్షల పైచిలుకు. సానుకి మొదట ఒక్కటిగానే ఉండేది. 1640లో ఇకోమా కుటుంబంలో లోపలి తగాదాలు ముదిరితే షోగన్ దాన్ని లాగేసుకుని ముక్కలు చేశాడు. తకామత్సు (1,20,000), మరుగామె, దాన్నించి విడిన తదొత్సు అలా వచ్చినవే.

ఇయో అయితే మరీ విచిత్రం. ఎనిమిది హాన్‌లు! మత్సుయామా (1,50,000), ఉవాజిమా (1,00,000), ఓజు (60,000), ఇమాబారి, సైజో, యోషిదా, కొమత్సు, నియా. చివరి రెండూ చెరో పదివేల కోకులు, అంటే దైమ్యో అనిపించుకోవడానికి కావలసినంత మాత్రమే. కొన్ని ముక్కలు అన్నదమ్ముల పంపకాల వల్ల పుట్టినవి. నియా ఓజు నుంచి, యోషిదా ఉవాజిమా నుంచి విడిపోయాయి. వీటి మధ్య షోగన్ సొంత భూములు కూడా ఇరుక్కుని ఉండేవి. 1691లో తవ్వకం మొదలై 1973 దాకా సుమితోమొ అనే వ్యాపార సంస్థ చేతిలో నడిచిన బెష్షి రాగి గని షోగన్ భూమిలోనే ఉండేది.

తోసా ఒక్కటిగా, ఇయో ఎనిమిదిగా ఎందుకు?

నా ఉద్దేశంలో నేల స్వభావమే సగం కారణం. తోసా వీపు కొండలకి ఆనుకుని, ముఖం మహాసముద్రం వైపు తిప్పి కూర్చుంటుంది. ముక్కలు చేసి ఇద్దరికిచ్చినా దారులు లేవు. ఇయో ఒడ్డంతా సెతో సముద్రం మీదుంది. పడవల రాకపోకలు, రేవులు, ఉప్పు, దీవులు. ఏ చిన్న ముక్క ఇచ్చినా ఒక ప్రభువు బతికేస్తాడు. షోగన్‌కి కూడా రద్దీగా ఉండే సముద్ర దారి మీద ఒక్కడే బలిసిపోవడం ఇష్టం ఉండదు.

తోసా ఒక్కటే అయినా లోపల మాత్రం రెండు. కొత్త యమౌచిలతో వచ్చినవాళ్లు పైవాళ్లు, పాత చోసొకాబె మనుషుల్లో చాలామంది కిందివాళ్లు. 1862లో హాన్ అనుమతి లేకుండా సరిహద్దు దాటి పారిపోయి, తర్వాత షోగన్ పాలన కూలడంలో పేరు తెచ్చుకున్న సకమొతొ రియోమా ఆ కింది వరస సమురాయ్ కుటుంబంవాడే. అప్పట్లో అలా దాటడం పెద్ద నేరం.

ఈ సరిహద్దుల మీద గొడవలు జరిగేవా?

జరక్కేం! ఒకటి దగ్గరగా చూద్దాం. ఇయో, తోసా కలిసే నైరుతి మూల సముద్రంలో ఓకినోషిమా అని చిన్న కొండ దీవి ఉంది. ఒకే దీవిలో మోషిమా అనే పల్లె ఇయోది (ఉవాజిమా హాన్), హిరొసె అనే పల్లె తోసాది. పల్లెల మధ్య గీత ఎక్కడ, చేపల హక్కులు ఎవరివి అన్న తగాదా 17వ శతాబ్దంలో ఎదోలోని షోగన్ కోర్టు దాకా వెళ్లింది. తోసా తరఫున దాన్ని పట్టుపట్టి నడిపినవాడు నొనాకా కెన్‌జాన్ అనే మంత్రి. తీర్పు వచ్చాక కూడా దీవి రెండుగానే మిగిలింది. 1868లో షోగన్ పాలన పోయి మొదలైన మెయిజీ కాలంలో మొత్తం కోచికి ఇచ్చేశాక గానీ ఆ గీత చెరిగిపోలేదు. అంత చిన్న దీవికి రెండు నాడులు, ఇద్దరు ప్రభువులు, రెండు పన్ను లెక్కలు.

1871 తర్వాత ఏం జరిగింది? ఎక్కడ చదివినా తలనొప్పే వస్తోంది.

అందరికీ అంతే. తేదీల జాబితా పెట్టుకోకుండా ఒక మనిషిని ఊహించుకోండి. 1860లో తకామత్సులో పుట్టాడు, ఊరు కదల్లేదు, కిరాణా కొట్టు నడుపుకుంటున్నాడు. అతని అడ్రసు సంగతి చూద్దాం.

పుట్టినప్పుడు తకామత్సు హాన్. 1871 ఆగస్టులో దేశంలోని హాన్‌లన్నీ రద్దయి, ఎక్కడివక్కడ ప్రిఫెక్చర్లయ్యాయి. కాబట్టి తకామత్సు కెన్. దేశమంతా అలాంటివి మూడు వందలు దాటడంతో అదే ఏడు చివర కుదించారు. సానుకి మొత్తం కలిసి కగావా కెన్. 1873 ఫిబ్రవరిలో కగావాని తీసుకెళ్లి పక్కనున్న మ్యోదో కెన్‌లో కలిపారు. మ్యోదో అంటే అవా, అవాజిల ప్రిఫెక్చర్. 1875 సెప్టెంబరులో మళ్లీ విడదీసి కగావా అన్నారు. ఏడాది తిరక్కుండా, 1876 ఆగస్టులో, ఈసారి రెండో పక్కనున్న ఎహిమేలో కలిపారు. చివరికి 1888 డిసెంబరు 3న మూడోసారి కగావా పుట్టింది. మన కొట్టాయనకి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు, ఏడో అడ్రసు. కొట్టు బోర్డు మీద ప్రిఫెక్చర్ పేరు రాయించుకోకపోవడమే తెలివి.

మిగతావాళ్ల కథ కాస్త చిన్నది. ఇయోలో 1871 చివర మత్సుయామా, ఉవాజిమా అని రెండు కెన్‌లు మిగిలాయి. 1872లో ఆ పేర్లు సెకితెత్సు, కమియామా అయ్యాయి. 1873లో రెండూ కలిసి ఎహిమే. 1876లో మ్యోదో రద్దయింది. అవా కోచిలో కలిసింది, అవాజి హ్యోగో ప్రిఫెక్చర్‌కి పోయింది. అంటే 1876 నుంచి 1880 దాకా "నాలుగు నాడుల" ద్వీపంలో ఉన్నవి రెండే ప్రిఫెక్చర్లు, ఎహిమే, కోచి. 1880 మార్చిలో అవా బయటికొచ్చి తోకుషిమా అయింది.

అంత కలిపి మళ్లీ ఎందుకు విడదీశారు?

కలపడానికి కారణం సులువే, ఖర్చు. చిన్న ప్రిఫెక్చర్లు తమ ఖర్చు తాము భరించలేవని టోక్యో లెక్క. కానీ టోక్యోలో బల్ల మీద గీసిన గీత తకామత్సులో ఎలా ఉంటుందో చూడండి. ప్రిఫెక్చర్ ఆఫీసు మత్సుయామాలో, దాదాపు 160 కిలోమీటర్ల దూరాన. రైలు లేదు. తకామత్సు వైపు నుంచి రైలు పట్టాలు మత్సుయామా చేరింది 1927లో! అవాకీ కోచికీ మధ్య అయితే నిట్టనిలువు కొండలు. ప్రిఫెక్చర్ సభలు మొదలయ్యాక అసలు గొడవ బయటపడింది. పన్ను డబ్బు ఏ వైపు ఖర్చుపెట్టాలన్న దగ్గర ఒకవైపు సభ్యులు, రెండోవైపు సభ్యులు పాత నాడుల వారీగానే చీలిపోయారు.

సానుకి వైపు విడిపోవాలన్న ఉద్యమంలో ముందున్నవాళ్లలో నకానో బుఎయి ఒకడు. తకామత్సు హాన్ సమురాయ్ ఇంట్లో పుట్టి, తర్వాత టోక్యో వాణిజ్య మండలి అధ్యక్షుడైన మనిషి. అంత పోరాడి సాధించుకున్న కగావా ఇవాళ జపాన్‌లో విస్తీర్ణంలో అన్నిటికన్నా చిన్న ప్రిఫెక్చర్, సుమారు 1,877 చదరపు కిలోమీటర్లు. 1888 తర్వాత ఈ నాలుగు గీతలు అలాగే నిలిచాయి. పదిహేడేళ్ల తిప్పలన్నీ పడి, చివరికి వెయ్యేళ్ల కిందటి నాలుగు ముఖాల దగ్గరికే వచ్చి ఆగారన్నమాట. ఒక్క అవాజి తప్ప.

అవాజి మాత్రం ఎందుకు పోయింది?

అవాజిని హచిసుకాల తరఫున చూసుకునేది ఇనదా కుటుంబం. ప్రభువుకి సేవకులే గానీ సొంత పలుకుబడి బాగా ఉన్నవాళ్లు. మెయిజీ మార్పుల్లో హోదాలు తిరగరాస్తున్నప్పుడు ఇనదా మనుషులకి తోకుషిమా నుంచి వేరుపడాలనిపించింది. అది తోకుషిమా సమురాయ్‌లకి ద్రోహంలా తోచింది. 1870లో సుమొతొలోని ఇనదా ఇళ్ల మీద పడి చంపారు, తగలబెట్టారు. నాయకులకి ప్రభుత్వం సెప్పుకు, అంటే కడుపు కోసుకుని చావమనే శిక్ష వేసింది. జపాన్‌లో చట్టప్రకారం జరిగిన చివరి సెప్పుకులు ఇవేనని చెబుతారు. ఇనదావాళ్లని హొక్కైదోలోని షిజునైకి పంపేశారు. ఇంత జరిగాక అవాజి, అవా ఒక కప్పు కింద ఉండటం కష్టమే. 1876లో మ్యోదోని విడగొట్టినప్పుడు దీవి హ్యోగోకి వెళ్లి, అక్కడే ఉండిపోయింది.

కొత్త ప్రిఫెక్చర్లకి పాత నాడుల పేర్లు పెట్టలేదెందుకు? ఓడినవాళ్లకి శిక్షగా ఊరి పేరు ఇవ్వలేదంటారు, నిజమేనా?

నాలుగింటిలో ఒక్కదానికీ పాత నాడు పేరు లేదు. కోచి, తోకుషిమా కోట ఊళ్ల పేర్లు. కగావా ఒక గున్ పేరు, ఎహిమే దేవత పేరు.

దీని మీద ప్రచారంలో ఉన్న కథ ఇది. షోగన్ పాలన ముగిసిన 1868 యుద్ధంలో చక్రవర్తి వైపు ఉన్న హాన్‌లకి కోట ఊరి పేరే ప్రిఫెక్చర్‌కి దక్కింది, షోగన్ వైపున్నవాళ్లకి వేరే పేరు అంటగట్టారు అని. మియతాకె గైకొత్సు అనే పాత్రికేయుడు దీన్ని బాగా ప్రచారం చేశాడు. ఆయన పుట్టింది సానుకిలోనే! తకామత్సు, మత్సుయామా రెండూ 1868లో షోగన్ వైపు నిలబడి తోసా సైన్యానికి లొంగిపోయినవే కాబట్టి షికోకు చూస్తే కథ అతికినట్టే ఉంటుంది.

నాకు మాత్రం నమ్మకం కుదరదు. ఉవాజిమా శత్రువు కాదు, అయినా దాని పేరు తీసి కమియామా అన్నారు. తోకుషిమా కూడా శత్రువు కాదు, దాన్నీ కొన్నేళ్లు మ్యోదో అనే గున్ పేరుతోనే పిలిచారు. కొత్త ప్రభుత్వం పాత వాసన వదిలించుకోవడానికి చాలాచోట్ల పేర్లు మార్చిందనుకోవడమే సబబు.

"గున్" అంటే? ఇప్పటికీ ఉందా?

నాడుకి కింది విభాగం. మన పాత తాలూకా అనుకోండి. తోసాలో ఏడు: అకి, కమి, నగఒకా, తోసా, అగావా, తకఒకా, హతా. 1878 చట్టంతో గున్‌లకి కొత్తగా ఆఫీసులు వచ్చాయి. 1899లో కగావా ప్రిఫెక్చర్ చిన్న గున్‌లని జతలు జతలుగా కలిపింది. పేరు కోసం కొట్టుకోకుండా ఇద్దరి దగ్గరా చెరో అక్షరం తీసుకున్నారు. మికి, యమదా కలిస్తే కితా. మినో, తొయొతా కలిస్తే మితొయొ. నకా, తదో కలిస్తే ఏ కష్టమూ లేకుండా నకతదో.

తర్వాత 1921 చట్టంతో గున్ పాలనని ఎత్తేశారు. 1926కల్లా ఆఫీసులు మూతపడ్డాయి. ఇప్పుడు గున్ అనేది పట్టణం, పల్లె అడ్రసులో కనిపించే పేరు మాత్రమే. అది కూడా తగ్గుతోంది, ఎందుకంటే 2000 తర్వాత వచ్చిన విలీనాల్లో ఊళ్లన్నీ కలిసి సిటీలయ్యాయి. ఎహిమే 70 మునిసిపాలిటీల నుంచి 20కి వచ్చింది. ద్వీపమంతా కలిపి ఇప్పుడు 95.

పాత నాడుల పేర్లు ఇప్పుడెక్కడ కనిపిస్తాయి?

ఆఫీసుల్లో తప్ప అన్నిచోట్లా. సానుకి ఉదోన్ తింటారు, ఇయోకాన్ అనే నారింజ వలుస్తారు, ఆగస్టులో అవా ఒదొరి ఆడతారు, తోసా కుక్కల గురించి చెప్పుకుంటారు. బ్యాంకు పేర్లూ అంతే, ఇయో బ్యాంకు, అవా బ్యాంకు. మన పల్నాడు మళ్లీ జిల్లా పేరై తిరిగొచ్చినట్టు, అక్కడ ఇవి సిటీ పేర్లుగా తిరిగొచ్చాయి. 2002లో సానుకి సిటీ, 2005లో అవా సిటీ. తోసా, ఇయో అంతకు ముందే 1950లలో సిటీలయ్యాయి.

రైలెక్కితే ఇంకా బాగా తెలుస్తుంది. తకామత్సు నుంచి ఉవాజిమా లైను పేరు యోసాన్: ఇయోలో యో, సానుకిలో సాన్. కోచి వైపు వెళ్లేది దోసాన్, అందులో దో అంటే తోసా మొదటి అక్షరం, ఉచ్చారణ మారిందంతే. ఇయో, తోసాల మధ్య కొండల్లో తిరిగేది యోదో. స్టేషన్లు చూడండి: అవా ఇకెదా, ఇయో సైజో, తోసా యమదా. సైజో, యమదా లాంటి పేర్లు దేశంలో ఎన్నోచోట్ల ఉంటాయి కాబట్టి ముందు నాడు పేరు తగిలించారు. అందువల్ల రైల్లో నిద్రపోయి లేచినా, బోర్డు చూస్తే ఏ నాడులో ఉన్నామో తెలిసిపోతుంది.

88 ఆలయాల యాత్రకీ ఈ విభాగాలకీ సంబంధం ఉందా?

యాత్ర మొత్తం నాడుల లెక్కలోనే సాగుతుంది. 1 నుంచి 23 అవా, 24 నుంచి 39 తోసా, 40 నుంచి 65 ఇయో, 66 నుంచి 88 సానుకి. వరసగా సంకల్పం, సాధన, బోధి, నిర్వాణం అంటారు. మొత్తం నడక దాదాపు 1,200 కిలోమీటర్లు. తోసాలో ఆలయాలు పదహారే, దూరాలు మాత్రం విపరీతం. సాధన అని ఊరికే అనలేదు.

ఒక తిరకాసు ఉంది. 66వది ఉన్‌పెన్‌జి, 900 మీటర్ల ఎత్తున, 88లో అన్నిటికన్నా పైనున్న ఆలయం. సానుకి ఆలయాల్లో మొదటిది అదే. కానీ ఆ ఆలయం నిలబడి ఉన్న నేల తోకుషిమా ప్రిఫెక్చర్‌ది, అంటే పాత అవా. రోప్‌వే కగావా వైపు నుంచి ఎక్కి పైన దిగితే, నాలుగడుగుల్లోనే సరిహద్దు దాటేస్తారు. సానుకి మొదటి గుడికి వెళ్లడానికి సానుకి వదిలి వెళ్లాలి.

ఈ గీతలు ఇవాళ ఎవరికైనా పట్టేవేనా?

నీళ్ల దగ్గర బాగా పడతాయి. కగావాలో వాన తక్కువ, పెద్ద నదులు లేవు. పద్నాలుగు వేల పైచిలుకు చెరువులు తవ్వుకుని బతికారు. వాటిలో పెద్దది మన్నో చెరువు. దాన్ని 821లో కూకై స్వామి బాగు చేయించాడు. ఇప్పుడు కగావాకి నీళ్లు యోషినో నది నుంచి వస్తాయి. ఆ నదిని ఆపే సమెఉరా డ్యాము కోచిలో ఉంది, నది పారేది తోకుషిమాలో, కాలువ తవ్వింది కగావా కోసం. 1994లో, 2005లో డ్యాము అడుగంటినప్పుడు నాలుగు ప్రిఫెక్చర్లవాళ్లూ టీవీలో చూసింది ఆ ఒక్క డ్యాము నీటిమట్టాన్నే.

భవిష్యత్తులో నాలుగూ కలిసిపోతాయా?

ప్రిఫెక్చర్లు తీసేసి పెద్ద రాష్ట్రాలు చేయాలన్న చర్చ జపాన్‌లో వచ్చిపోతూ ఉంటుంది. ఆ ఆశతోనే 2004లో ఎహిమే తూర్పు కొసన నాలుగు ఊళ్లు కలిసి షికోకుచూఓ, అంటే షికోకు మధ్య, అని పేరు పెట్టుకున్నాయి. ఎప్పటికైనా షికోకు రాష్ట్రం వస్తే రాజధాని తమదే కావాలని. రాష్ట్రం రాలేదు, పేరు మిగిలింది.

కలపడం మాత్రం ఒకచోట జరిగింది. జనాభా తగ్గి, ఓటు విలువలో తేడా ఎక్కువైందని 2016 ఎన్నికల నుంచి పార్లమెంటు ఎగువ సభకి తోకుషిమా, కోచిలని కలిపి ఒకే నియోజకవర్గం చేశారు. 1880లో విడిపోయినవాళ్లని 136 ఏళ్ల తర్వాత మళ్లీ ఒకే పెట్టె దగ్గరికి తెచ్చారు. 2023లో అక్కడ ఉపఎన్నిక వచ్చింది. పోటీ చేసిన ఇద్దరూ కోచివాళ్లే. తోకుషిమా వైపు ఓటేయడానికి వెళ్లినవాళ్లు నలుగురికి ఒకరి కన్నా తక్కువే.